ట్రాక్టర్ షెడ్డులో పుట్టిన బ్యాండ్ ఎంత దూరం పోతది?

మొన్న సెమిస్టర్ సెలవుల్లో మా నలుగురికి ఒక కాగితం వచ్చింది. నలుగురం అంటే మా బ్యాండ్. ఒక గిటార్, ఒక బేస్, ఒక కహోన్, ఒక డప్పు. బ్యాండ్ అని మేం అనుకుంటాం, హాస్టల్లో అందరూ లొల్లి అంటారు. దేవరకొండలో మా ఫ్రెండ్ వాళ్ళ మామ ట్రాక్టర్ షెడ్డులో ప్రాక్టీస్ చేస్తాం. ట్రాక్టర్ పొలానికి పోయినప్పుడు మాకు ప్లేస్ దొరుకుతది, అది తిరిగొస్తే ప్రాక్టీస్ బంద్.

ఫెస్టులో పాడిన మా పాట వీడియో ఒకటి కొంచెం తిరిగింది. అది చూసి ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు ఫోన్ చేశారు. ఎనిమిది వేలు ఇస్తాం, పాట మళ్ళీ నీట్‌గా రికార్డ్ చేద్దాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. కాగితంలో ఒక లైను ఉంది: పాట మీద అన్ని హక్కులూ, అన్ని దేశాల్లో, ఎప్పటికీ వాళ్ళవే.

"పెట్టేద్దాం రా, ఎనిమిది వేలు ఊకెనే వస్తయా?" అన్నాడు మా డప్పు. నాకేమో డౌటు. ఆ పాట మాటలు మావే గానీ పల్లవి బాణీ మాది కాదు. అచ్చంపేట దిక్కు మా అమ్మమ్మ నాట్లు వేసేటప్పుడు పాడే పాటది. నాది కానిదాన్ని నేను ఎట్ల అమ్ముతా?

సంతకం పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి చదవడం మొదలుపెట్టా. ముందు చదివింది పంక్ బ్యాండ్ల గురించి, ఎందుకంటే నాకు తెలిసింది అదే. రామోన్స్ టీషర్ట్ నా దగ్గర తొమ్మిదో తరగతి నుంచి ఉంది. మా పాత జిల్లాలోనే పుట్టిన సుద్దాల హనుమంతు ఎవరో మాత్రం పోయిన నెల దాకా తెలియదు. చదివిన తర్వాత ఈ రెండు కథలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలనిపించింది. మన కాలేజీలో బ్యాండ్ పెట్టినవాళ్ళూ, పెడదామనుకుంటున్నవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

గరాజ్ ఏంటి, పంక్ ఏంటి

1960లలో అమెరికాలో బీటిల్స్ పిచ్చి పట్టి ఊరూరా పిల్లలు బ్యాండ్లు పెట్టుకున్నారు. ఇంట్లో వాయిస్తే పెద్దోళ్ళు ఊరుకోరు కదా, అందుకే కార్లు పెట్టుకునే షెడ్డులోకి పోయారు. గరాజ్ రాక్ అనే పేరు అక్కడిదే. వీళ్ళకు సంగీతం పెద్దగా రాదు, పరికరాలు చవకవి, రికార్డింగ్ ఒక్క పూటలో అయిపోవాలి. 1963లో పోర్ట్‌లాండ్ ఊరి కింగ్స్‌మెన్ అనే కుర్రాళ్ళు 'లూయీ లూయీ' అనే పాట రికార్డ్ చేశారు. పాడినవాడి మాటలు ఎంత అస్పష్టంగా ఉన్నాయంటే, అందులో బూతులున్నాయని జనాలు ఫిర్యాదు చేస్తే ఎఫ్‌బీఐ దర్యాప్తు చేసింది. చివరికి వాళ్ళు తేల్చిందేమంటే, ఏ స్పీడులో వాయించినా మాటలు అర్థం కావట్లేదని!

ఈ బ్యాండ్లలో ఎక్కువ భాగం ఒకటో రెండో రికార్డులు వేసి మాయమైపోయాయి. కొందరు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, కొందరిని వియత్నాం యుద్ధానికి పిలిచారు, కొందరు ఉద్యోగాల్లో చేరారు. 1972లో లెన్నీ కే అనే ఆయన ఆ మరుగునపడ్డ పాటల్లోంచి 27 ఏరి 'నగ్గెట్స్' అనే డబుల్ ఆల్బమ్‌గా తెచ్చాడు. గరాజ్ రాక్‌ను ఒక శైలిగా లోకం గుర్తించింది ఆ తర్వాతే. అంటే ఆ బ్యాండ్లకు పేరొచ్చేసరికి వాటిలో చాలావరకు లేవు.

మన దేశంలో కూడా అప్పుడే ఇలాంటిది జరిగింది. ఒక సిగరెట్ కంపెనీ 'సిమ్లా బీట్' అని బ్యాండ్లకు పోటీ పెట్టి, 1970లో ఒకటి, 1971లో ఒకటి, గెలిచినవాళ్ళ పాటలతో రెండు ఎల్పీలు వేసింది. ఆ కుర్రాళ్ళు కూడా ఎక్కువమంది తర్వాత వేరే పనుల్లోకి పోయారు. ఎల్పీలు మాత్రం ఇప్పుడు కలెక్టర్లు వెతుక్కునే వస్తువులయ్యాయి.

పంక్ ఆ గరాజ్ కుర్రాళ్ళకు తమ్ముడు లాంటిది. 1974లో న్యూయార్క్‌లో రామోన్స్ మొదలైంది, 1976-77 నాటికి ఇంగ్లండ్‌లో మంట అంటుకుంది. పంక్ కొత్తగా చేసింది సంగీతంలో తక్కువ, పద్ధతిలో ఎక్కువ. కంపెనీ వచ్చి పిలిచేదాకా ఎదురుచూడొద్దు, రికార్డు మనమే వేసుకుందాం, మనమే అమ్ముకుందాం అన్నారు. మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే బ్యాండ్ 500 పౌండ్లు అప్పు తెచ్చి, నాలుగు పాటలతో 'స్పైరల్ స్క్రాచ్' అనే రికార్డును 1977 జనవరిలో సొంతంగా విడుదల చేసింది. మొదట వేసినవి 1,000 కాపీలు. అవి అయిపోయాయి, మళ్ళీ వేశారు. మొత్తం 16,000 దాకా అమ్ముడయ్యాయి. రికార్డు వేయాలంటే కంపెనీ తప్పనిసరి కాదని అది చూసి చాలామందికి అర్థమైంది.

వాషింగ్టన్‌లో 1980లో ఇయాన్ మెకే, జెఫ్ నెల్సన్ ఇంకా కుర్రాళ్ళుగా ఉన్నప్పుడే 'డిస్కార్డ్' అనే లేబుల్ పెట్టారు. ఒక పాత రికార్డు అట్టను విప్పి, అదే కొలతతో అట్టలు కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించేవారు. మెకే తర్వాతి బ్యాండ్ ఫుగాజీ టికెట్ ధర సాధారణంగా 5 డాలర్ల దగ్గరే ఉంచింది. అన్ని వయసులవాళ్ళనూ రానిచ్చేది. పెద్ద కంపెనీలకు పోలేదు. ఆ లేబుల్ ఇప్పటికీ ఉంది.

కంపెనీ లెక్క ఎట్ల ఉంటది

ఇండిపెండెంట్ బ్యాండ్ జీవితంలో అసలు మలుపు పెద్ద కంపెనీ తలుపు తట్టినప్పుడు వస్తది. స్టీవ్ ఆల్బినీ అనే రికార్డింగ్ ఇంజినీర్ 1993లో ఒక వ్యాసంలో ఈ లెక్కను రూపాయి పైసలతో సహా రాశాడు. ఇంజినీరింగ్ చదివేవాళ్ళం కాబట్టి ఆ లెక్కను మనం చూడాలి.

ఆయన ఊహించిన బ్యాండ్‌కు కంపెనీ 2,50,000 డాలర్లు అడ్వాన్స్ ఇస్తది. వినడానికి మస్తుగుంటది. అందులోంచే రికార్డింగ్‌కు 1,50,000, మేనేజర్‌కు 37,500, లాయర్లకు 10,000 పోతాయి. ఆల్బమ్ హిట్టే, 2,50,000 కాపీలు అమ్ముడైంది అనుకుందాం. అంటే కొన్నవాళ్ళు కట్టింది 30 లక్షల డాలర్లు. అందులో బ్యాండ్ రాయల్టీ 3,51,000. దాంట్లోంచి అడ్వాన్స్ 2,50,000, ప్రొడ్యూసర్ వాటా 40,000, ప్రచారం 25,000, పాత లేబుల్‌కు కట్టాల్సిన 50,000 తీసేయాలి. కూడి చూడండి, మైనస్ 14,000. అంటే హిట్ కొట్టిన తర్వాత కూడా బ్యాండే కంపెనీకి బాకీ! అన్ని ఆదాయాలూ కలిపి బ్యాండ్‌లో ఒక్కొక్కరికి మిగిలేది 4,031 డాలర్లు. షాపులో కౌంటర్ దగ్గర నిలబడి పనిచేస్తే వచ్చేదాంట్లో మూడో వంతు అంటాడు ఆల్బినీ.

ఇది చదివితే నాకు అమెరికా గుర్తుకు రాలేదు, మా ఊరి పత్తి గుర్తుకొచ్చింది. మా దిక్కు విత్తనాలకు, మందులకు సేటు దగ్గర పెట్టుబడి తెస్తారు. పంట చేతికొచ్చాక ఆ పంట సేటుకే వేయాలి, ధర ఆయనే చెప్తాడు, వడ్డీ ఆయనే పట్టుకుంటాడు. పత్తి బాగా పండిన ఏడు కూడా బాకీ మిగులుతది. మ్యూజిక్ కంపెనీ అడ్వాన్స్ అచ్చం అదే. అది జీతం కాదు, అప్పు.

కంపెనీకి పోయినా పోకపోయినా రోడ్డు మాత్రం తప్పదు. రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976లో సుమారు 6,400 డాలర్ల ఖర్చుతో తయారైంది. 1996లో బ్యాండ్ ఆపేసేదాకా వాళ్ళు 2,263 ప్రదర్శనలు ఇచ్చారు. ఇరవై రెండేళ్ళు వ్యాన్లలో తిరగడమే. ఆ మొదటి ఆల్బమ్ అమెరికాలో 5 లక్షల కాపీల గోల్డ్ గుర్తింపు తెచ్చుకున్నది 2014లో, అంటే 38 ఏళ్ళకు. అప్పటికి మొదటి నలుగురిలో ఒక్కరే బతికున్నారు, ఆ ఏడు జులైలో ఆయన కూడా పోయారు.

మన దగ్గర ఇది ఎప్పటి నుంచో ఉంది

ఇంత చదివాక, మన నల్గొండ, పాలమూరులో ఇలా కంపెనీ లేకుండా పాట పట్టుకుని తిరిగినవాళ్ళు ఎవరున్నారని వెతికా. రాక్ బ్యాండ్లు పెద్దగా దొరకలేదు, పాట దళాలు దొరికాయి.

1940లలో నిజాం రాజ్యంలో దొరలకు వ్యతిరేకంగా సంఘం నడిచిన రోజుల్లో సుద్దాల హనుమంతు పల్లెటూళ్ళలో దళం కట్టి పాడేవారు. కొత్త బాణీలు కట్టడం కంటే, జనానికి అప్పటికే తెలిసిన గొల్లసుద్దులు, బుర్రకథ లాంటి రూపాలు తీసుకుని వాటిలో వెట్టిచాకిరి సంగతులు పెట్టారు. వినేవాడికి బాణీ ముందే తెలుసు కాబట్టి పాట ఒక్కసారికే నోటికొస్తది. మూడు కార్డులు వస్తే చాలు బ్యాండ్ పెట్టొచ్చు అన్న పంక్‌వాళ్ళ మాటకు ముప్పై ఏళ్ళ ముందే ఇక్కడ ఈ పని జరిగింది. హనుమంతు రాసిన పాట ఒకటి 'మా భూమి' సినిమాలో ఉంది. ఆయన 1982లో పోయారు. ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజ సినిమా రచయిత అయ్యారు, 'ఠాగూర్'లో రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. తండ్రి పాట సభల్లో తిరిగితే కొడుకు పాట థియేటర్లలో తిరిగింది.

1972లో వచ్చిన జన నాట్య మండలి ఇంకో మెట్టు. గద్దర్‌తో పాటు దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన బి. నర్సింగరావే తర్వాత 'మా భూమి' తీశారు. ఆహార్యం అంటే గోచీ, గొంగడి, గజ్జెలు. వాయిద్యం అంటే డప్పు. చిన్న పాటల పుస్తకాలు చవగ్గా వేసి సభల దగ్గర అమ్మేవారు, తర్వాత క్యాసెట్లు. బజ్‌కాక్స్ రికార్డుకూ దీనికీ పద్ధతిలో తేడా ఏముంది? గద్దర్ కెనరా బ్యాంకులో ఉద్యోగం చేస్తూ పాడారు. 1984లో ఆ ఉద్యోగం వదిలేశారు. మన భాషలో చెప్పాలంటే ప్లేస్‌మెంట్ వదిలేసి బ్యాండ్‌కు పోవడం.

కానీ ఒక తేడా చాలా పెద్దది, దాన్ని దాటేసి పోలికలు పెడితే తప్పు. పంక్ కుర్రాళ్ళకు పోలీసులతో, క్లబ్బులతో గొడవలుండేవి. ఇక్కడ పాటకు ప్రాణాలు పోయాయి. గద్దర్ మీద 1997లో కాల్పులు జరిగాయి. భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లులో పనిచేసిన బెల్లి లలిత తెలంగాణ కళాసమితిలో పాడేది. 1999 మేలో ఆమెను హత్య చేశారు. అప్పుడు ఆమెకు పాతికేళ్ళు. మా ఇంట్లో ఈ పేరు తెలియనివాడిని నేనొక్కడినే. అమ్మను అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు.

చివరికి ఎక్కడికి పోతారు?

కెరీర్ అన్నాక చివర కూడా చూడాలి. మన దగ్గర పాటగాళ్ళకు నాలుగు దార్లు కనబడ్డాయి.

ఒకటి సినిమా. రెండోది రాజకీయం. ఈ రెండింటికీ ఉదాహరణ గోరటి వెంకన్న. ఊరు గౌరారం, పాత మహబూబ్‌నగర్ జిల్లా. ఊళ్ళల్లో వృత్తులు ఎట్ల పోయాయో చెప్పే ఆయన పాట సభల్లో తిరిగి తిరిగి 2002లో 'కుబుసం' సినిమాతో రాష్ట్రమంతా పాకింది. 2020లో ఎమ్మెల్సీ అయ్యారు, 2021కి 'వల్లంకి తాళం' కవితా సంపుటికి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

మూడోది సర్కారు జీతం. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి, ఉద్యమంలో పాడిన సుమారు 550 మంది కళాకారులను తీసుకున్నారు. నెలనెలా జీతం వస్తది, ఇంట్లో పొయ్యి వెలుగుతది. బదులుగా ప్రభుత్వ పథకాల మీద పాడాలి. దీన్ని తప్పు పట్టడం నాకు సులువు, ఎందుకంటే నా ఫీజు మా నాన్న కడుతున్నాడు. ఇద్దరు పిల్లలున్న గాయకుడికి అంత సులువు కాదు.

నాలుగో దారి మళ్ళీ కూలికే. దర్శనం మొగిలయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో వినిపించిన గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివార్లలో ఒక కట్టడం దగ్గర ఆయన కూలి పని చేస్తున్న వీడియో బయటికొచ్చింది. కోట్లమంది విన్న పాటకూ నెల తిరిగేసరికి ఇంటికి చేరే డబ్బుకూ సంబంధం ఉండాలని రూలేం లేదు. ఆల్బినీ లెక్క మన భాషలో ఇదే.

ఇప్పటి బ్యాండ్ల సంగతి చెప్పాలంటే హైదరాబాద్ 'చౌరస్తా' గురించి చెప్పాలి. జానపదం, రెగే, రాక్ కలిపి తెలుగులో సొంత పాటలు కట్టారు. 2020లో కరోనా మీద చేసిన పాట వాట్సాప్‌లో మీ అందరికీ వచ్చే ఉంటది. ఆ బ్యాండ్ గొంతు రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి పోయారు. 2021లో 'జాతిరత్నాలు', 2022లో 'డీజే టిల్లు', 2023లో 'బలగం'. ఆయనకు మంచిదే, వినే మనకూ మంచిదే. కానీ తెలుగులో బ్యాండ్ అనేది ఇంకా సినిమాకు ముందు స్టేషన్ లాగానే ఉంది. ఫుగాజీకి ఊరూరా చిన్న హాళ్ళు, సొంతంగా రికార్డులు అమ్మే షాపులు ఉన్నాయి కాబట్టి పెద్ద కంపెనీ వద్దనగలిగింది. మనకు నల్గొండలో టికెట్ కొని బ్యాండ్‌ను వినే హాలు ఒక్కటి కూడా నేను చూడలేదు. ఫంక్షన్ హాళ్ళు మస్తున్నాయి, వాటిలో డీజే ఉంటది.

సంతకానికి ముందు తెలుసుకోవాల్సినవి

మళ్ళీ ఆ కాగితం దగ్గరికొస్తా. పాట అంటే చట్టం దృష్టిలో ఒక్క వస్తువు కాదు, మూడు. మాటలు ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగ్ ఒకటి. మూడింటికీ వేరువేరు హక్కులు. రికార్డింగ్‌కు డబ్బు పెట్టినవాళ్ళు రికార్డింగ్ మాది అనడం సబబే. కానీ "అన్ని హక్కులూ" అనే రెండు మాటల్లో మిగతా రెండూ కూడా పోతాయి.

2012లో మన కాపీరైట్ చట్టానికి సవరణ చేశారు. దాని ప్రకారం మాటలు రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు రాయల్టీలో తమ సమాన వాటాను వదులుకుంటున్నాం అని ఒప్పందం రాసిచ్చినా అది చెల్లదు. వారసులకు గానీ, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి గానీ మాత్రమే ఇవ్వొచ్చు. అలాంటి సొసైటీ మన దేశంలో ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది. ఇంకోటి, ఒప్పందంలో ఎన్నేళ్ళో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా లెక్కేస్తది. ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే. అందుకే మా కాగితంలో "అన్ని దేశాల్లో, ఎప్పటికీ" అని అంత శ్రద్ధగా రాశారు.

జానపదం సంగతి ఇంకా చిక్కు. ఎవరు కట్టారో తెలియని పాత పాట మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, ఎవరైనా పాడొచ్చు. కానీ దాన్ని ఇన్నేళ్ళు నోట్లో దాచి ఉంచినవాళ్ళకు చట్టం నుంచి ఏమీ రాదు. 2021లో 'సారంగ దరియా' వచ్చినప్పుడు ఊళ్ళో సేకరించి పాడినవాళ్ళ పేరు ఎక్కడ అనే చర్చ నడిచింది గుర్తుందా? కోర్టులో తేలే విషయం కాదది, కింద పేరు రాయాలా వద్దా అనే విషయం.

మేం ఏం చేశాం

నలుగురం షెడ్డులో కూర్చుని కాగితం తిరగరాశాం. రికార్డింగ్ మీది, ఐదేళ్ళు. మాటలు, బాణీ మావి కావు మీవి కావు అన్న భాగం విడిగా, మేం రాసిన భాగం విడిగా. కింద అమ్మమ్మ పేరు. ఛానల్ ఆయనకు పంపితే రెండు రోజులకు ఫోన్ చేసి, "తమ్ముడూ, ఒక్క పాటకు ఇంత లొల్లి అయితే మనకొద్దులే" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఎనిమిది వేలు పోయినయ్. మా డప్పు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. వాడి కోపంలో న్యాయం ఉంది, వాడి డప్పు మూత చిరిగి ఉంది, కొత్తది కావాలి.

తర్వాత ఫోన్లోనే రికార్డ్ చేసి మా ఛానల్లోనే పెట్టాం. యూట్యూబ్ నుంచి యాడ్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వ్యూస్ కావాలి. మాకు ఇప్పుడున్నది 212 మంది. అందులో సగం మన సీఎస్ఈ బ్రాంచే. మా బేస్ వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్ కోచింగ్‌కు పోతానంటున్నాడు. గరాజ్ బ్యాండ్లు ఎట్ల ఆగిపోతాయో చదివాను కాబట్టి నాకు ఆశ్చర్యం వేయలేదు గానీ బాధేసింది. అప్పటిదాకా నాలుగు పాటలన్నా రికార్డ్ చేసిపెట్టాలని అనుకున్నాం. స్పైరల్ స్క్రాచ్‌లో ఉన్నవీ నాలుగే.

పాట పెట్టే ముందు అమ్మమ్మకు ఫోన్ చేసి, కింద నీ పేరు రాస్తున్నా అని చెప్పా. "నా పేరెందుకు బిడ్డా? ఆ పాట మా మేనత్తది. ఆమె దగ్గరనే నేర్చుకున్న. రాస్తే ఆమె పేరు రాయి" అంది. ఆమె మేనత్తకు ఎవరు నేర్పారో అమ్మమ్మకు తెలియదు. ఇప్పుడు వీడియో కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.